మూడు ఎర్ర వరసలు

మా చెల్లెలు ఫుసాయే కడుగుడు తొట్టి దగ్గరికి ఎన్నడూ వెళ్లలేదని కంపెనీవాళ్లు రాసిచ్చారు. ఆమెది గ్రైండింగు పని, తొట్టి పని వేరొకరిదట. ఆమె జబ్బుకీ కార్ఖానాకీ సంబంధం కనిపించడం లేదట. మూడే వాక్యాలు, కింద ముద్ర. అది అబద్ధమని చూపించగల కాగితం ఈ ఊళ్లో ఒక్కటే మిగిలింది. అది మా ఇంట్లోనే, అమ్మానాన్నల పేర్ల ఫలకాలు పెట్టిన పూజ అర కింద సొరుగులో ఉంది. దాని మీద ఫుసాయే రాత ఎంత ఉందో నా రాతా దాదాపు అంతే ఉంది. అందుకే ఆ వేసవి గురించి చెప్పాలంటే ఆ కాగితం దగ్గరే మొదలుపెట్టాలి.

మే నెల, ఆదివారం పొద్దున్న. నేను మిడిల్ స్కూలు లెక్కల టీచర్ని. బల్ల మీద పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుతున్నాను. ఫుసాయే వచ్చి వాటి మీదే ఇంకో పెద్ద కాగితం పరిచేసింది.

"ఏంటే ఇది? పిల్లల పేపర్లు నలిగిపోతాయి."

"నలగనీ. వాళ్ల మార్కులకి అదే శోభ. ఇది చూడక్కా, నీకు పండగే."

నాకంటే ఏడేళ్లు చిన్నది. అమ్మ పోయినప్పటి నుంచీ నా దగ్గరే పెరిగింది. పద్దెనిమిదో ఏట ఇనామి సెయికి అనే కార్ఖానాలో చేరి పదహారేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. పంపుల్లో పడే చిన్న చిన్న కవాటాలకి పిన్నులూ గొట్టాలూ చేస్తారు అక్కడ. వేలిగోరంత వస్తువుని వెంట్రుకలో పదో వంతు తేడా రాకుండా అరగదీయడం మా ఫుసాయే పని.

ఆ కాగితం నిండా గళ్లు. పిన్నులకి ముప్పై ఒక్క నిలువు వరసలు, యంత్రాలకి పద్నాలుగు అడ్డ వరసలు. ఏ పిన్ను ఏ యంత్రం మీదికి వెళుతుందో ఆ గడిలో ఒక సున్న. సున్నలు కాగితమంతా ఆవాలు చల్లినట్టున్నాయి.

"టోక్యో నుంచి మనబే మాస్టారని ఒకాయన వచ్చాడు," అంది. "మీ బడి మాస్టారు కాదు, కార్ఖానాలకి పాఠాలు చెప్పే మాస్టారు. దారం పట్టుకుని మా పిన్ను వెనకాలే నడిచాడు. లేతులన్నీ ఒక గదిలో, డ్రిల్లులన్నీ ఒక గదిలో, గ్రైండర్లన్నీ ఇంకో గదిలో, కడగడానికి మళ్లీ పెరట్లో రేకుల షెడ్డు. దారం నాలుగు వందల పన్నెండు మీటర్లు వచ్చింది. 'మీ పిన్ను రోజూ సరస్సు దాకా షికారుకెళ్లి వస్తోందమ్మా' అన్నాడు. అందరం ఒకటే నవ్వు."

"ఇప్పుడేం చేయాలి?"

"ఒకే దారిన నడిచే పిన్నులన్నింటినీ ఒక కుటుంబం చేయాలి. ఆ కుటుంబానికి కావలసిన యంత్రాలన్నీ ఒకచోట గుర్రపు నాడాలా పెట్టాలి. ఒకే మనిషి పిన్ను పట్టుకుని ఈ చివర బయల్దేరి, అన్ని యంత్రాల మీదా తనే చేసుకుంటూ ఆ చివర తేలాలి. మా మిణుగురుల జట్టుకి, అదే నేను పెద్దగా ఉన్న సలహాల జట్టుకి, ఈ పట్టిక ఇచ్చారు. వారం నుంచి చూస్తున్నాం, బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ తేలలేదు."

నేను పేపర్లు పక్కన పెట్టాను. నిజం చెప్పాలి కదా, నాకు నోరూరింది. పిల్లల భిన్నాల లెక్కలు దిద్దీ దిద్దీ విసిగి ఉన్నాను. కత్తెర తెచ్చి పట్టికను అడ్డంగా పద్నాలుగు పేలికలు చేశాను. వరసలు పైకీ కిందకీ మార్చి చూశాం. తర్వాత ఆ వరసల్నే ఇంకో కాగితం మీద ఎత్తి రాసి, నిలువు పేలికలు చేసి అటూ ఇటూ జరిపాం. ఊరగాయ పెట్టుకుని టీ తాగుతూ మధ్యాహ్నం దాకా అదే పని. ఒక్కో పేలిక జరిపినప్పుడల్లా సున్నలు ఒకదాని పక్కకి ఒకటి చేరేవి. చివరికి మూడు గుంపులు తేలాయి, మూల నుంచి మూలకి మెట్లు మెట్లుగా. ఫుసాయే చప్పట్లు కొట్టింది.

ఒక్క వరస మాత్రం లొంగలేదు. కడుగుడు తొట్టి. ప్రతి పిన్నుకీ నూనె జిడ్డు ఉంటుంది, ప్రతి పిన్నునీ కడగాలి, కాబట్టి ప్రతి గడిలోనూ సున్న. ఎక్కడ పెట్టినా ఆ వరస మూడు గుంపుల మీదుగా కర్రలా పడుతోంది.

"ఇది ఏ ఇంట్లోనూ ఇమడదే అక్కా. దీనికోసం మళ్లీ అందరూ పెరట్లోకి నడవాల్సిందే."

నేను కాసేపు చూశాను. తర్వాత రబ్బరు తీసుకుని ఆ వరసను తుడిచేశాను. పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్సిలుతో ఒక్కో గుంపులో ఒక్కో కొత్త వరస గీశాను. తొట్టి ఒకటి, తొట్టి రెండు, తొట్టి మూడు.

"పెద్ద తొట్టి ఒకటి ఎందుకు? చిన్నవి మూడు కొనమను."

ఫుసాయే నోరు తెరిచి నన్ను చూసింది. "నువ్వు బళ్లో ఏం చేస్తున్నావే అక్కా? మా కార్ఖానాకి వచ్చెయ్."

ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మరిచిపోదామన్నా పోదు.

అడుగున ఖాళీ జాగాలో రెండో నాడాలో ఎవరు ఎలా నడవాలో ఫుసాయే తన చేత్తో రాసింది. లేతు, డ్రిల్లు, కడుగుడు, గ్రైండింగు, మళ్లీ కడుగుడు, కొలత. పక్కన ఆ నాడాలో పనిచేసే ఇద్దరి పేర్లు: మా ఇంటిపేరుతో ఉషియామా ఫుసాయే, కింద తొకియే. ముక్కలన్నీ ఒక అట్ట మీద జిగురుతో అంటించి సోమవారం పట్టుకుపోయింది.

*

బుధవారం రాత్రి భోజనాల దగ్గర అంతా నటించి చూపించింది.

"మనబే మాస్టారు కళ్లద్దాలు పైకి తోసి, 'ఈ తొట్టిని మూడు ముక్కలు చేసిన బుర్ర ఎవరిది?' అన్నాడు. 'మా జట్టుదండీ' అన్నాను. నీ పేరు చెప్పలేదులే, నీకు నచ్చదని. మియసాకా సెక్షన్ పెద్ద వెంటనే ముద్ర తీసి ఠపీమని కొట్టాడు."

"అట్ట ముక్క మీదా?"

"ఆయన బల్ల మీద ఏది పెట్టినా ముద్ర పడకుండా వెనక్కి రాదక్కా. పోయినేడు నూడుల్సు కొట్టువాడి ధరల కాగితం మీద కూడా కొట్టాడు. శుభ్రంగా ఇంకో ప్రతి రాసి తెమ్మన్నారు. అందుకే ఇది ఇంటికి తెచ్చాను."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె కర్ర పట్టుకున్నట్టు వంగి, గొంతు బొంగురు చేసింది.

"ఇక యజాకి తాత లేచాడు. ముప్పై ఏళ్లుగా పెరట్లో తొట్టి చూసేది ఆయనే కదా. 'ఆ తొట్టిని మనుషుల మధ్య పెట్టకూడదయ్యా. దానికి గాలి కావాలి. అందుకే కంపెనీ పెట్టిన పెద్దాయన బయట కట్టించాడు' అన్నాడు. మనబే మాస్టారు ఎంతో మర్యాదగా, 'తాతగారూ, మీ తొట్టి కోసం ఏడాదికి ఎన్ని అడుగులు వృథా అవుతున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా?' అన్నాడు. తాత నిజంగానే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం."

నేనూ నవ్వాను. ఆ ముసలాయన మాటలో ఉన్న గాలి అన్నది పట్టికలో లేదు. పిన్ను ముట్టుకునేవాటికే మేం వరసలు గీశాం. మనుషులు పీల్చేదానికి వరస గీయాలని ఆ గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరికి తట్టింది. ఆయన్ని చూసి నవ్వాం.

*

జూన్ ఒకటో తారీకుకల్లా యంత్రాలు కదిలాయి. రెండో నాడాలో గ్రైండరు ఉంది కాబట్టి, వేడికి కొలతలు మారకుండా ఆ ఒక్కచోటా చల్లగాలి పెట్టారు. చల్లదనం బయటికి పోకుండా చుట్టూ మందపాటి ప్లాస్టిక్ తెరలు. కార్ఖానా మొత్తం చెమటలు కక్కుతుంటే మా ఫుసాయే స్వెట్టరు వేసుకుని పనిచేసేది.

"మిగతా వాళ్లంతా కుళ్లుకుంటున్నారు," అనేది. "మమ్మల్ని ఫ్రిజ్జులో దోసకాయలంటున్నారు."

ఆమె జుట్టులో కొత్త వాసన వచ్చేది, పాకం మాడబోయే ముందు వచ్చే తియ్యటి వాసన. తొట్టిలో పోసే ద్రావకానిది. వాళ్లు దాన్ని ట్రై అనేవాళ్లు. తలస్నానం చేసినా పోయేది కాదు.

జూన్ మధ్యలో తత్సునోకి మిణుగురులు చూడ్డానికి రైల్లో వెళ్లాం. ఫుసాయేతో పాటు రెండో నాడాలో పనిచేసే తొకియే కూడా వచ్చింది. యాభై దాటిన మనిషి, నోరు ఊరుకోదు.

"టీచరుగారూ, మీ చెల్లెలి పుణ్యమా అని సాకే ఖర్చు మిగిలింది నాకు," అంది. "మధ్యాహ్నం మూడయ్యేసరికి కంపెనీ ఖర్చుతోనే నిషా. మొన్న ఇంటికి పోయి మా ఆయన్ని చూసి అందంగా ఉన్నావన్నాను. హడిలిపోయాడు."

"తల తిరుగుతోందా?" అని అడిగాను.

"కాస్త. తొట్టి మీదికి వంగినప్పుడు."

"మూత ఉంటుందిగా?"

తొకియే ఫుసాయే వంక చూసింది. ఫుసాయే కిటికీ వంక చూసింది.

"మూత తీసి వేయడానికి పన్నెండు సెకన్లు పోతోందక్కా. ఒక పిన్నుకి రెండుసార్లు. తీసేస్తే మేలని చీటీ రాశాను. ఈ నెల మంచి సలహా అని గోడకి అంటించారు."

"మరి తల తిరిగితే చెప్పకూడదూ?"

"ఎవరికి చెప్పాలి?" అంది నెమ్మదిగా. "పట్టిక మనదే కదా. మనం గీసిందాన్ని మనమే బాగాలేదంటామా? అలవాటైపోతుందిలే."

 ఏటి ఒడ్డున చీకట్లో మిణుగురులు ఒక్కసారిగా వెలుగుతూ, ఒక్కసారిగా ఆరుతూ ఉంటే అటు చూశాను. వాటి పేరు పెట్టుకున్న జట్టు పెద్ద నా పక్కన నిలబడి దగ్గుతోంది.

*

జూలై ఐదున జ్వరం వచ్చింది. మర్నాటికి ముఖం మీద ఎర్రటి దద్దుర్లు, ఆ మర్నాటికి ఒళ్లంతా. తట్టు అనుకున్నాం. చిన్నప్పుడే వచ్చిపోయిందే అని నాకు అనుమానం. ఆమె మాత్రం ఆ రెండు రోజులూ పనికి వెళ్లింది. ఒక్కరు మానేస్తే నాడా మొత్తం ఆగిపోతుందట. వెనకటి పద్ధతిలో ఒకరు రాకపోతే ఒక యంత్రం ఊరుకునేది, అంతే.

ఎనిమిదో తారీకున ఆస్పత్రిలో చేర్చాను. కళ్లు పసుపు పచ్చగా అయ్యాయి. డాక్టరు కుర్రవాడే, శ్రద్ధ గల మనిషి. రెండుసార్లు అడిగాడు.

"ఈ నెలా రెండు నెలల్లో కొత్త మందు ఏదైనా వాడిందా? మాత్రలు, నాటుమందు, ఏదైనా?"

"లేదండీ."

"బాగా గుర్తు తెచ్చుకోండి. కొత్తది, ఏదైనా."

"మందులేవీ వాడలేదు."

అడిగిన ప్రశ్నకి సరిగ్గా అంతవరకే జవాబు చెప్పాను. నా పిల్లలకి పదిహేడేళ్లుగా నేను నేర్పేది అదే.

ఫుసాయేకి మాటలు తడబడే ముందు నాతో ఆఖరుగా సవ్యంగా మాట్లాడింది జూలై ఇరవైన. చర్మం పొరలుగా ఊడుతుండటంతో చేతులకి గుడ్డ చుట్టారు.

"అక్కా, ఎద్దు రోజుకి ఇంటికొచ్చేస్తానా?"

ఎద్దు రోజంటే వేసవిలో మా ఊళ్లో ఈలుచేప కాల్చుకుని తినే రోజు. ఇంకా వారం ఉంది.

"వచ్చేస్తావు."

"పెద్ద ముక్క నాకు. నువ్వు ఎప్పుడూ తోక ఇస్తావు."

"నీకే ఇస్తాను."

"తొకియే గారొక్కతే నడుస్తోందేమో... పాపం, ఆవిడకి మోకాళ్లు."

ఇరవై ఏడున ఫుసాయే పోయింది, కాలేయం పనిచేయక. కారణం తెలియలేదని కాగితంలో రాశారు. ఆ రోజు వీధంతా ఈలుచేప కాలుతున్న వాసన.

*

ఏడో రోజున యజాకి తాత వచ్చాడు. నేను ఆయన్ని చూడటం అదే మొదటిసారి. ఫుసాయే నటించి చూపించినట్టు వంగిపోయి లేడు, నిటారుగానే ఉన్నాడు. అగరుబత్తి వెలిగించి, చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. టీ ముట్టుకోలేదు.

"దద్దుర్లు ఎన్నో రోజున వచ్చాయమ్మా?"

"జూలై ఆరున."

"పనిలోకి ఒకటో తారీకు జూన్. ముప్పై అయిదు, ముప్పై ఆరు." ఈసారి కూడా వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ట్రై దగ్గర కొత్తగా చేరినవాళ్లకి మొదటి నెలా నెలన్నరా గండం. అందరికీ కాదు. నూటికి ఒకరికో ఇద్దరికో. ఒళ్లు ఎర్రబడిందంటే మేం ఆ రోజే ఇంటికి పంపేసి, మళ్లీ షెడ్డు వైపు రానిచ్చేవాళ్లం కాదు. వెనక ఒకతను అలాగే పోయాడు. ఆ తర్వాతే షెడ్డు కట్టింది."



"ఈ సంగతి కంపెనీలో ఎవరికీ తెలియదా?"

"నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు. ఒకసారి నోరు తెరిచాను, నవ్వారు. రెండోసారి తెరవలేదు." చేతులు మోకాళ్ల మీద బిగించాడు. "అది నా తప్పు. నవ్వితే ఏం పోయింది నాది? ముసలాణ్ణి."

"నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను తాతగారూ. ఇంట్లో కూర్చుని."

ఆయన నా వంక చూసి, ఇంకో అగరుబత్తి వెలిగించాడు.

ఆ మర్నాడే లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాను. అది తెలిసిన వారంలోపు మూడు చిన్న తొట్లూ కార్ఖానాలోంచి మాయమయ్యాయి. పెద్ద తొట్టి మళ్లీ పెరట్లో షెడ్డులోకి వెళ్లింది. తొట్లు ఉన్న చోట నేలకి కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. ఇదంతా తాతే వచ్చి చెప్పాడు. మనిషి బతికి ఉండగా వృథా అనిపించిన అడుగులు మనిషి పోయాక ఎవరికీ వృథా అనిపించలేదు.

తొకియేని కలవడానికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. ఆమె ముంజేతి మీద కూడా మచ్చలు మానుతున్నాయి.

"నాకేం గుర్తులేదు టీచరుగారూ."

"మీరిద్దరూ రోజూ తొట్టి దగ్గర..."

"మా ఆయనా అక్కడే, మా అల్లుడూ అక్కడే." తలుపు సగం మూసింది. మళ్లీ తెరిచి, గొంతు తగ్గించి, "ఆ పిల్ల నా వంతు కూడా తనే వంగేది. నాకు తల తిరుగుతోందని," అంది. తలుపు మూసేసింది.

*

ఆగస్టులో బోన్ పండగ వచ్చింది. పోయినవాళ్లు ఇంటికి వచ్చే రోజులు. నలభై తొమ్మిది రోజులు నిండలేదు కాబట్టి ఫుసాయే ఈ ఏడు వచ్చేవాళ్లలో లేదు. అమ్మకీ నాన్నకీ మాత్రమే దారి చూపేలా గుమ్మంలో భూర్జచెట్టు బెరడు కాల్చాను. వాళ్లు వచ్చి, చెల్లి ఏదీ అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

పదిహేనో తారీకు పొద్దున మియసాకా వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బేరిపళ్ల పెట్టె. చాలా మర్యాదస్తుడు. చెప్పులు తిప్పి పెట్టి, పూజ అర ముందు మూడుసార్లు వంగి, అగరుబత్తి వెలిగించాడు. ఆ కింద సొరుగులోనే కాగితం ఉంది.

"టీచరుగారూ, ఒక చిన్న విషయం," అన్నాడు టీ చల్లారాక. "ఫుసాయే గారు మొదట వేసిన పట్టిక, అట్ట మీద అంటించింది, మీ దగ్గర ఉండిపోయినట్టుంది. అక్టోబరులో అన్ని కార్ఖానాల జట్లకీ పోటీ ఉంది. మిణుగురుల జట్టు తరఫున ఆ పట్టికే చూపిస్తున్నాం. ఆమె పేరుతోనే. ఆమె ఆత్మ సంతోషిస్తుంది."

"శుభ్రంగా రాసిన ప్రతి మీ దగ్గర ఉంది కదండీ."

"ఉంది. దాంట్లో తొట్టి వరసలు కొద్దిగా సరిచేశాం."

"ఎలా సరిచేశారు?"

"ఒకటే వరస. పెరట్లో ఉన్నట్టు." కళ్లు ఎత్తలేదు. "రెండు రకాల పట్టికలు ఉంటే చూసేవాళ్లకి గందరగోళం. అందుకని పాతది..."

"అడుగున నడక క్రమం ఉండేది. పేర్లతో సహా. అదీ సరిచేశారా?"

 కప్పు అటూ ఇటూ తిప్పాడు.

"ఆ ఎర్ర పెన్సిలు మీదేనని ఫుసాయే గారు ఓసారి సరదాగా అన్నారు. ప్రభుత్వ బడి టీచరు బయటి కంపెనీ పని చేసిపెట్టారంటే హెడ్మాస్టరుగారు ఏమంటారో. పైగా, ఆ తొట్లు లోపల పెట్టమన్నది ఎవరూ అనే ప్రశ్న వస్తే..." ఆగాడు. "మీ మంచి కోరే చెబుతున్నాను టీచరుగారూ. మనందరికీ బాధగానే ఉంది."

  అరవడం నాకు రాదు. క్లాసులో కూడా ఎప్పుడూ అరిచింది లేదు.

"వెతికి చూస్తాను," అన్నాను.

మా వైపు ఆ మాటకి అర్థం ఇవ్వనని. ఆయనకీ తెలుసు. మళ్లీ మూడుసార్లు వంగి వెళ్లిపోయాడు.

ఆ బేరిపళ్లని పూజ అరలో పెట్టలేదు. పెట్టె విప్పకుండా పెరటి గుమ్మం బయట పెట్టాను. నాలుగు రోజులకి కందిరీగలు ముసిరాయి.

కానీ ఆ కాగితం లేబర్ ఆఫీసుకి తీసుకెళ్లలేదు నేను. ఆగస్టు అయిపోయింది, బడులు తెరిచారు, అయినా తీసుకెళ్లలేదు. హెడ్మాస్టరు భయం కాదు. రోజూ బడి నుంచి వచ్చి సొరుగు తీసేదాన్ని. అట్ట సగం బయటికి లాగేసరికి ఎర్ర గీతలు కనబడేవి. గీత సరిగ్గా రావాలని స్కేలు పెట్టి గీసిన గీతలు. మళ్లీ లోపలికి తోసేసేదాన్ని. మియసాకా నన్ను బెదిరించాడని నాకు కోపం. ఆయన అన్నదాంట్లో ఒక ముక్క నిజమని అంతకంటే కోపం.

*

సెప్టెంబరు పదకొండున లేబర్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నలభై తొమ్మిదో రోజుకి ఇంకా రెండు రోజులుంది. అట్టను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. బయటికి తీస్తానో లేదో అప్పటికి నాకే తెలియదు.

తకెయి అనే అధికారి, ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా చేతులకి నల్ల తొడుగులు వేసుకుని ఫైళ్ల మధ్య కూర్చున్నాడు. కంపెనీ రాసిచ్చిన మూడు వాక్యాలూ నా వైపు తిప్పి పెట్టాడు.

"యజాకి గారు చెప్పింది నేను నమ్ముతున్నానండీ. ఇలాంటి జబ్బు ఇంకోచోట కూడా వచ్చినట్టు చదివాను. కానీ ఆయన పెరట్లో ఉండేవారు, లోపల ఎవరు ఏం చేశారో చూడలేదు. తొకియే గారు గుర్తులేదన్నారు. నేను వెళ్లేసరికి నేల మీద రంగు తడి ఆరిపోయింది. మీ చెల్లెలు తొట్టి దగ్గర నిలబడిందని ఒక్క ఆధారం లేకపోతే నేను ఈ ఫైలు మూసేయాలి."

'ఎన్నడూ వెళ్లలేదు' అన్న మాట మీద నా చూపు నిలిచిపోయింది. మోకాళ్ల నొప్పుల మనిషి వంతు కూడా తనే వంగిన పిల్ల. నడక క్రమం చేత్తో రాసుకుని, రోజుకి మూడు వందల సార్లు ఆ దారిన నడిచిన పిల్ల. ఎన్నడూ వెళ్లలేదట.

గుడ్డ విప్పి అట్టను బల్ల మీద పెట్టాను.

ఆయన లేచి నిలబడి చూశాడు. వేలితో ఒక్కో వరసా తడుముతూ వచ్చి అడుగున పేర్ల దగ్గర ఆగాడు. తర్వాత మూల మీద ముద్ర దగ్గర.

"ఇది మియసాకా గారి ముద్రేనా?"

"ఆయన బల్ల మీద పెట్టింది ముద్ర పడకుండా వెనక్కి రాదండీ."

"తారీకు కూడా ఉంది." ఊపిరి వదిలాడు. "ఈ నడక క్రమం?"

"ఫుసాయే రాత. ఆమె ఉత్తరాలు తెచ్చాను, పోల్చుకోవచ్చు."

ఆయన రాసుకుంటున్నాడు. కలం ఆగింది.

"ఈ మూడు ఎర్ర వరసలు వేరే చెయ్యిలా ఉన్నాయి."

"నావి."

తలెత్తాడు.

"ఒకటిగా ఉన్న తొట్టిని మూడు చేసి లోపల పెట్టమన్నది నేను. కంపెనీ మనిషిని కాను. లెక్క బాగా కుదిరిందని చేశాను."

ఆయన కలం కింద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "అది రాయనక్కర్లేదు టీచరుగారూ. ముద్రా, నడక క్రమం, ఈ రెండూ చాలు నాకు. వరసలు ఎవరు గీశారని నేను అడగలేదనుకోండి."

మంచివాడు. ఇంచుమించు ఫుసాయే వయసు ఉంటుంది. ఆ మంచితనంలోకి ఒదిగిపోవడం ఎంత సులువో ఆ క్షణాన తెలిసింది నాకు.

"రాయండి," అన్నాను. "వాళ్లు ఈ వరసలు తుడిచారు. నేనూ నా పేరు తుడిస్తే ఇక ఆ పట్టిక తప్పుకి మా చెల్లెలు ఒక్కతే మిగులుతుంది."

ఆయన రాశాడు. నేను చెప్పింది చెప్పినట్టు, ఆదివారం, కత్తెర, ఎర్ర పెన్సిలు, అన్నీ. యజాకి తాత గాలి గురించి అన్న మాట కూడా రాయమన్నాను. మనబే అడిగిన ప్రశ్న, మేం నవ్వడం కూడా రాయమన్నాను. ఒక పేజీ చాలక రెండో పేజీ పట్టింది. చదివి వినిపించాడు. ఒకచోట 'సుమారు ముప్పై' అని ఉంటే, ముప్పై ఒక్క పిన్నులు అని సరిచేయించాను.

"ఇక్కడ మీ ముద్ర."

సంచిలోంచి, సంతకం బదులు మేం వేసే ముద్ర తీశాను. మా ఇంట్లో ఇద్దరికీ అదొక్కటే. నా జీతం పుస్తకం మీదా, ఆమె జీతం పుస్తకం మీదా, ఆస్పత్రి కాగితాల మీదా అదే వేశాను. ఎర్ర సిరాలో అద్ది గట్టిగా నొక్కాను.

దాని మీద ఉషియామా అని మాత్రమే ఉంటుంది. అక్క అని గానీ, చెల్లెలు అని గానీ ఉండదు.